గిరాకీ ముందు గద్దించకండి

సుల్తాన్ బజార్‌లో దుకాణం ఎంత వెడల్పుంటుందో మీకు తెలుసు. ముందు తెల్ల పరుపు మీద చీర విప్పి చూపిస్తున్న అమ్మాయికి, వెనక గల్లా దగ్గర కూర్చున్న మీరు ఫోన్లో గొణిగినా వినిపిస్తుంది. ఇక మీరు ఆమెను ఒక మాటంటే, చీర అంచు పట్టుకుని చూస్తున్న గిరాకీ వింటుంది, లైనింగ్ గుడ్డ కొలుస్తున్న కుర్రాడు వింటాడు, మెట్ల దగ్గర చెప్పులు విడుస్తున్నవాళ్ళు కూడా వింటారు. పెద్ద ఆఫీసులో మేనేజరు తలుపేసి మందలించగలడు. మీ దుకాణానికి అలాంటి తలుపు లేదు. కాబట్టి మాట విషయంలో వాళ్ళకన్నా మీరే ఎక్కువ జాగ్రత్త పడాలి.

"మా దగ్గర పిల్లలు నిలవట్లేదండీ. పని నేర్పేదాకా ఉంటారు, పక్క షాపువాడు ఐదొందలు ఎక్కువిస్తానంటే పోతారు." బడీ చౌడీ నుంచి గుజరాతీ గల్లీ దాకా వినిపించే మాటే ఇది. మీరూ అన్నారేమో. మరి వెళ్ళిపోయిన ఆ పిల్ల నిజంగా ఐదొందల కోసమే వెళ్ళిందా? మీ దగ్గర పనిచేసిన ఆఖరి వారంలో ఆమెతో మీరు మాట్లాడిన మాటలు ఒకసారి గుర్తు చేసుకోండి. అందులో పని చెప్పినవెన్ని, కసిరినవెన్ని, ఆమె చెప్పింది విన్నవెన్ని?

మొదట ఒక సంగతి తేల్చుకుందాం. జీతం నెలనెలా సమయానికి ఇవ్వకుండా, వారానికో సెలవు ఇవ్వకుండా, తీయగా మాట్లాడితే చాలనుకుంటే ఈ అధ్యాయం మీకు పనికిరాదు. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం రోజుకు 8 గంటల పని, వారానికి ఒక సెలవు అని స్పష్టంగా చెప్పింది. అది మీరివ్వాల్సిన బాకీ. మంచిమాట ఆ బాకీ తీరాక మొదలయ్యే విషయం. బాకీ సరిగ్గా తీరుస్తున్నా మీ మనుషులు హుషారుగా లేరంటే, లోపం మాటలో ఉందేమో చూసుకోవాలి.

నలుగురిలో జరిగిన అవమానం ఎంత దూరం పోతుందో చెప్పే సంఘటన ఒకటి ఇక్కడి నుంచి నడిచివెళ్ళేంత దూరంలోనే జరిగింది. 1921 నవంబరులో, జాంబాగ్‌లోని వివేకవర్ధిని థియేటర్లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ పెట్టారు. అధ్యక్షులు మహర్షి కర్వే. ఇతర భాషల ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గోలచేసి ఎగతాళి చేశారు. ఆయన మాట పూర్తికాలేదు. సభలో ఉన్న తెలుగువాళ్ళు అక్కడ తగువు పెట్టుకోలేదు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కూడి ఆంధ్రజన సంఘం పెట్టుకున్నారు. తర్వాతి కాలంలో ఆంధ్రమహాసభగా పెరిగింది అదే.

అది భాషకు సంబంధించిన పెద్ద చరిత్ర, మీది చీరల దుకాణం. కానీ మనిషి మనసు పనిచేసే తీరు రెండుచోట్లా ఒక్కటే. నలుగురిలో చిన్నబోయినవాడు అప్పుడు మాట్లాడడు. మీరేమో "ఏమీ అనలేదు కదా, పట్టించుకోలేదులే" అనుకుంటారు. వాడు సాయంత్రం కోఠి బస్టాపులో తోటివాళ్ళతో మాట్లాడతాడు. ఎటు పోవాలో అక్కడ తేల్చుకుంటాడు. మీకు తెలిసేది ఒకటో తారీకు జీతం చేతిలో పడ్డాక.

సరే, ఏం చేయాలి? ఒక్కొక్కటే చూద్దాం.

1. తప్పు గిరాకీ ముందు జరిగినా, చెప్పడం గిరాకీ వెళ్ళాకే

దీని దగ్గర కాసేపు ఆగుదాం. ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది.

ఒక సేల్స్ అమ్మాయి పట్టుచీరకు పాత ధర చెప్పిందనుకోండి. కొత్త స్టాకు ధర పెరిగింది, ఆమె మరచిపోయింది. గల్లా దగ్గర్నుంచి మీరు అరిచారు: "ఎన్నిసార్లు చెప్పాలె నీకు? దిమాగ్ యాడ పెట్టినవ్?" ఆ క్షణంలో ఏమేం జరిగిందో లెక్క చూడండి. గిరాకీకి మీ ధరల మీదే అనుమానం వచ్చింది, "ఆ అమ్మాయి చెప్పిన రేటుకే ఇవ్వండి" అని పట్టుబట్టింది. అమ్మాయి చేయి ఆగిపోయింది, ఇంకో చీర విప్పలేదు. పక్క కుర్రాడు తనకు తెలిసిన ధర కూడా చెప్పడం మానేశాడు. మరునాటి నుంచి ప్రతి చిన్నదానికీ "సేట్, ఇదెంత?" "సేట్, ఇది విప్పనా?" అని అందరూ మిమ్మల్నే అడుగుతారు. మీరు విసుక్కుంటారు: "ఒక్కరికీ సొంత బుద్ధి లేదు." సొంత బుద్ధి వాడితే తిట్లు పడతాయని వాళ్ళకు నేర్పింది ఎవరు?

ఇలా చేసి చూడండి. గిరాకీతో మామూలు గొంతుతో, "అది పాత స్టాకు రేటమ్మా, కొత్తది నిన్ననే మారింది. మీకు చెప్పాం కాబట్టి కొంచెం చూసి ఇస్తాం" అనండి. తప్పు దుకాణానిది అయింది, మనిషిది కాలేదు. మధ్యాహ్నం గిరాకీ పలచబడి చాయ్ వచ్చినప్పుడు ఆ అమ్మాయిని పిలిచి రెండే వాక్యాలు చెప్పండి: జరిగింది ఏమిటి, ఇకమీదట చేయాల్సింది ఏమిటి. "కంచి చీరల ధర మారింది, నువ్వు పాతది చెప్పినవ్. రేపటి నుంచి ధర చీటీ చూసి చెప్పు." అంతే. "నువ్వెప్పుడూ ఇంతే", "నీతో కాదు", "నీ అక్కే నయం" లాంటి తోకలు తగిలించకండి. ఆ తోక తగిలితే అసలు విషయం చెవికెక్కదు, తోకే గుర్తుంటుంది.

ఇక్కడ కొందరు దీనికి వ్యతిరేకమైన పొరపాటు చేస్తారు. అప్పటికప్పుడు ఏమీ అనరు, లోపల దాచుకుంటారు. నెలాఖరున జీతం ఇచ్చేటప్పుడు ఒకటో తేదీ నుంచి జరిగినవన్నీ ఏకరువు పెడతారు. జీతం తీసుకునే చేతికి ఆ రోజు అవమానం కూడా కలిపి ఇస్తున్నట్టే. ఏ రోజుది ఆ రోజే చెప్పండి.

2. పేరు పెట్టి పిలవండి

"ఏయ్!" "అరే!" "ఓ పిల్లా!" మీ దుకాణంలో రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తున్నాయో ఒకరోజు గమనించండి. సుల్తాన్ బజార్‌లో తెలుగు, హిందీ, ఉర్దూ, గుజరాతీ, మార్వాడీ అన్నీ ఒకే కౌంటర్ మీద నడుస్తాయి. ఏ భాషలోనైనా మనిషిని చిన్నబుచ్చే పిలుపు ఒకటుంది, నిలబెట్టే పిలుపు ఒకటుంది. తెలుగులో మీరు, హిందీలో ఆప్. ఖర్చు లేని మర్యాద.

వయసులో పెద్దవాళ్ళను అక్కా, అన్నా, చిచ్చా అని పిలవడం హైదరాబాద్‌లో ఎవరికీ కొత్త కాదు. చిన్నవాళ్ళనైతే పేరు పెట్టి పిలిచినా చాలు. మీ దగ్గర ఇరవై మంది ఉంటే ఇరవై పేర్లూ మీ నోటికి రావాలి, ఊడ్చే ఆమె పేరు సహా.

ముఖ్యంగా ఒక సందర్భంలో జాగ్రత్తగా ఉండాలి. మీ అబ్బాయి చదువు ముగించుకుని దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టాడు. మీ నాన్నగారి రోజుల నుంచి తాన్లు కొలుస్తున్న పెద్దాయనను మొదటిరోజే "నువ్వు ఆ ర్యాక్ సర్దు" అన్నాడు. పెద్దాయన సర్దుతాడు, కాదనడు. కానీ ఏ గిరాకీకి ఏది నచ్చుతుందో, ఏ తాను రంగు దిగుతుందో తనకు తెలిసింది ఇక నోరు విప్పి చెప్పడు. అబ్బాయిని గల్లా దగ్గర కూర్చోబెట్టక ముందే ఆ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళి, "వీడికి పని మీరే నేర్పాలి అన్నా" అని అందరి ముందూ అనండి. ఇది మాత్రం అందరూ వినాలి. ఆ వాక్యంతో అబ్బాయికి తన హద్దు తెలుస్తుంది, పెద్దాయనకు తన చోటు తెలుస్తుంది.

మరో సంగతి. మీ ఇంటి భాషలో భార్యాభర్తలు మాట్లాడుకుంటూ ఒక ఉద్యోగి వైపు చూస్తే, ఆ మనిషి తన గురించే అనుకుంటుంది. మీరు ఇంట్లో గ్యాస్ సిలిండర్ గురించి మాట్లాడుకుంటున్నా సరే. అలా చూపు పడినప్పుడు అందరికీ అర్థమయ్యే భాషలో ఒక ముక్క చెప్పేయండి. అనుమానం అక్కడే ఆగుతుంది.

3. రద్దీలో ఒక మనిషికి ఒక పని

శ్రావణమాసం, దసరా, పెళ్ళిళ్ళ సీజన్. కాలు పెట్టడానికి చోటుండదు. "ఎవరైనా ఆ మెరూన్ తాను తీయండి, నీళ్ళివ్వండి, ఫాల్ కుట్టడానికి పంపారా, ఆ బిల్లు ఏమైంది?" అని ఒకే ఊపిరిలో అన్నారు. ఇద్దరు మెరూన్ తాను కోసం లేచారు, నీళ్ళు ఎవరూ ఇవ్వలేదు. మళ్ళీ కేకలు. పేరు చెప్పి, ఒక పని చెప్పి, అయిందని వాళ్ళు అన్నాక రెండోది చెప్పండి. ఆలస్యమైనట్టు అనిపిస్తుంది, కాదు.

దీనికి మందు పొద్దున్నే ఉంది. షట్టర్ ఎత్తి, అగరొత్తులు వెలిగించి, బోణీ కాకముందు ఐదు నిమిషాలు అందర్నీ నిలబెట్టి చెప్పండి: కొత్తగా వచ్చిన స్టాకు ఏది, ధర మారింది దేనికి, ఈరోజు ఎవరు ఏ కౌంటర్లో, ఎవరు ముందు భోజనానికి వెళ్ళాలి. పాత ధర చెప్పిన అమ్మాయి గొడవ ఈ ఐదు నిమిషాలుంటే వచ్చేదే కాదు. పొద్దున చెప్పని యజమాని సాయంత్రం దాకా అరవాల్సి వస్తుంది.

4. "చూద్దాం లే" అనకండి

చెల్లెలి పెళ్ళికి మూడు రోజులు సెలవు కావాలని ఒక అమ్మాయి పదిహేను రోజుల ముందే అడిగింది. "చూద్దాం లే" అన్నారు మీరు. మీకది మామూలు మాట. ఆమె ఆ పదిహేను రోజులూ మీ ముఖం చూస్తూ గడిపింది. ఇంట్లో వాళ్ళకు చెప్పలేదు, బస్సు టికెట్ కొనలేదు. ముందురోజు మళ్ళీ అడిగితే "సీజన్ టైంలో ఏం పెళ్ళిళ్ళమ్మా మీకు?" అన్నారు. సెలవు చివరికి ఇచ్చినా, ఇచ్చిన పుణ్యం మీకు దక్కలేదు.

సెలవు, అడ్వాన్స్, జీతం పెంపు. ఈ మూడింటికీ జవాబు మూడు రకాలే ఉండాలి: ఇస్తాను, ఇవ్వలేను, ఫలానా రోజు చెబుతాను. మూడోది అన్నాక ఆ రోజు వాళ్ళు గుర్తు చేయకముందే మీరే పిలిచి చెప్పండి. ఇవ్వలేనప్పుడు కారణం చెప్పండి: "ఆ వారం ఇద్దరు ముందే అడిగారు, రెండు రోజులైతే సర్దగలను." కాదన్న మాట కూడా మనిషి తట్టుకుంటుంది. ఎటూ తేలని మాట తట్టుకోవడం కష్టం.

అడ్వాన్స్ అడిగిన మనిషి అప్పటికే సగం చచ్చి అడుగుతుంది. "మొన్ననే కదా తీసుకున్నవ్?" అని గట్టిగా అంటే దుకాణమంతా ఆమె ఇంటి కష్టం వింటుంది. ఒక నోటుబుక్కు పెట్టండి. అడ్వాన్స్ ఎంత, కోత ఎంత, మిగిలింది ఎంత. ఆమె ఎదుట రాయండి, ఆమెకు చూపించండి. నెలాఖరు కోతల గురించి సగం గొడవలు ఆ పుస్తకంతోనే పోతాయి.

5. "కూర్చో" అనడం నేర్చుకోండి

గిరాకీ లేని వేళ కూడా సేల్స్ అమ్మాయిలు నిలబడే ఉండాలన్న అలవాటు చాలా దుకాణాల్లో ఉంది. కూర్చుంటే బద్ధకమని యజమానులు అనుకుంటారు. కోళికోడ్ మిఠాయి వీధిలోని బట్టల దుకాణాల ఆడవాళ్ళు మూత్రశాల కోసం, కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. కేరళ ప్రభుత్వం 2018లో చట్టం సవరించింది, తమిళనాడు 2021లో అదే దారి పట్టింది. ఒక స్టూలు కోసం చట్టసభ దాకా వెళ్ళాల్సి వచ్చింది.

మీరు చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. "గిరాకీ లేదు కదమ్మా, కాసేపు కూర్చో" అనండి, కూర్చోవడానికి స్టూలు వేయండి. బాత్రూముకు వెళ్ళడానికి మగ సూపర్‌వైజర్‌ను అడగాల్సిన పరిస్థితి ఉంటే ఈరోజే తీసేయండి. దుకాణంలో వసతి లేకపోతే ఎక్కడికి వెళ్ళవచ్చో చేరిన మొదటిరోజే ఒక సీనియర్ అక్క చేత చెప్పించండి. గంటల తరబడి నీళ్ళు తాగకుండా పనిచేసే అమ్మాయి నవ్వుతూ చీర చూపించాలని ఎలా ఆశిస్తాం?

6. గిరాకీ హద్దు దాటితే మీరు లేచి నిలబడండి

యాభై చీరలు విప్పించి, ఒక్కటీ కొనకుండా "చూపించడం కూడా రాదు ఈ పిల్లకి" అని వెళ్ళే గిరాకీ ఉంటుంది. అప్పుడు మీరు గిరాకీ వైపు నవ్వి అమ్మాయి వైపు కోపంగా చూశారంటే, దుకాణంలో అందరికీ ఒక విషయం తెలిసిపోతుంది: ఇక్కడ మన తరఫున ఎవరూ లేరు. "ఉన్నవన్నీ చూపించిందమ్మా, మీకు కావలసిన రంగు మా దగ్గరే లేదు" అనండి. గిరాకీని కించపరచలేదు, మనిషిని వదిలేయలేదు.

ఎవరైనా వెకిలిగా మాట్లాడినా, చేయి తగిలించినా ఇక మెత్తదనం అక్కర్లేదు. 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది లేక అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. పదిమందికన్నా తక్కువ ఉంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. ఇది మీ మనుషులకు మీరే చెప్పారా? చెప్పిన యజమానిని వాళ్ళు నమ్ముతారు.

7. కష్టకాలంలో మౌనం వద్దు

మెట్రో రైలు మార్గం సుల్తాన్ బజార్ మీదుగా వస్తుందన్నప్పుడు ఇక్కడి వ్యాపారులు ఏళ్ళపాటు ఆందోళన చేశారు. 2014లో మార్గం మారుతుందన్నారు, చివరికి పాత మార్గమే ఖాయమైంది. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఎంజీబీఎస్ దాకా రైలు 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. ఆరు వారాలు తిరిగేసరికి లాక్‌డౌన్ వచ్చి రైలూ ఆగింది, షట్టర్లూ పడ్డాయి. ఆ ఏళ్ళన్నీ యజమానుల కష్టం పేపర్లలో వచ్చింది. దుకాణం ఉంటుందో పోతుందో, పోతే తన సంగతేమిటో తెలియని సేల్స్‌మన్ కష్టం ఎవరు రాశారు?

ఇలాంటి కాలం మళ్ళీ రావచ్చు. షాపు మారవచ్చు, అద్దె పెరగవచ్చు, వ్యాపారం తగ్గవచ్చు. మీరు చెప్పకపోతే వదంతి చెబుతుంది, అదెప్పుడూ ఉన్నదానికన్నా భయంకరంగా చెబుతుంది. అందర్నీ కూర్చోబెట్టి మూడు మాటలు చెప్పండి. నాకు తెలిసింది ఇది. తెలియనిది ఇది. మళ్ళీ ఫలానా రోజు చెబుతాను. "మీకేం కాదు, నేనున్నా" అని తేలిగ్గా మాటివ్వకండి. నిలబెట్టుకోలేని ధైర్యం చెప్పడం కన్నా నిజం చెప్పడమే మేలు.

8. వాట్సాప్ గ్రూపులో తిట్టకండి

రాత్రి పదకొండింటికి, సర్దని ర్యాక్ ఫొటో పెట్టి "ఇదెవరి పని?" అని రాయడం గిరాకీ ముందు అరవడం కన్నా చెడ్డది. అరుపు గాలిలో పోతుంది, ఇది ఫోన్లో ఉండిపోతుంది, ఇంట్లో పిల్లలు కూడా చూస్తారు. గ్రూపులో సెలవు తేదీలు, ధరలు, స్టాకు కబుర్లు మాత్రమే ఉంచండి.

9. పోయిన గిరాకీల పుస్తకం

"ఏదైనా చెప్పాలంటే చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. దానికో పని కల్పించండి. దుకాణంలో ఒక పుస్తకం పెట్టి, గిరాకీ అడిగి మన దగ్గర లేక వెనక్కి వెళ్ళినవి రాయమనండి: ఫలానా రంగు లైనింగ్, ఫలానా సైజు, నారాయణగూడ వైపు కాలేజీ అమ్మాయిలు అడిగిన దుపట్టా. రాయడం రానివాళ్ళ తరఫున పక్కవాళ్ళు రాస్తారు. వారానికోసారి చదవండి. అందులోంచి ఒక్క సరుకైనా తెప్పించి, "ఇది నువ్వు చెప్పిందే, చూడు ఎట్లా పోతుందో" అని ఆ మనిషి చేతికే మొదటి తాను ఇవ్వండి. మెచ్చుకోలు ఇలా ఉండాలి. "బాగా చేస్తున్నవ్" అన్న ఒట్టి మాట మరునాటికి మరచిపోతారు. ఏం చేసింది, దానివల్ల ఏం జరిగింది, ఈ రెండూ కలిపి చెబితే గుర్తుంటుంది.

కౌంటర్ వెనక నిలబడే మీకూ ఒక మాట

ఈ పుస్తకం మీ చేతిలో ఉంటే, మీ సేటు మారేదాకా ఆగకండి. ఆయన అరిచిన క్షణంలో జవాబివ్వకండి, దాన్ని మింగేసి ఊరుకోనూ వద్దు. షట్టర్ వేసే ముందు, ఎవరూ లేనప్పుడు వెళ్ళి, "సేట్, తప్పు నాదే. కానీ గిరాకీ ముందు అనేసరికి నాకు చేతులాడలేదు. ఇకమీదట నన్ను పక్కకు పిలిచి చెప్పండి, సరిచేసుకుంటా" అనండి. "అందరూ అనుకుంటున్నారు" అని మొదలుపెట్టవద్దు, ఎవరెవరని ఆరా మొదలవుతుంది. మీ ఒక్కరి సంగతే చెప్పండి. ఒంటరిగా వెళ్ళడానికి భయమైతే సీనియర్‌ను వెంట తీసుకెళ్ళండి.

తరచుగా వచ్చే ఒక ప్రశ్న

"ఇన్నాళ్ళూ అరిచినవాణ్ణి ఒక్కసారిగా మెత్తగా మాట్లాడితే వాళ్ళు నమ్ముతారా?" నమ్మరు. మొదటి వారం అనుమానంగా చూస్తారు, ఏదో పని పడిందేమో అనుకుంటారు. రెండో వారంలో ఒక రద్దీ సాయంత్రం మీరు మళ్ళీ అరుస్తారు కూడా. అప్పుడు ఏం చేయాలి? ఎవరి ముందు అరిచారో వాళ్ళ ముందే, మరునాడు పొద్దున ఐదు నిమిషాల్లో, "నిన్న నేనట్లా అనకుండా ఉండాల్సింది" అనండి. వివరణ ఇవ్వకండి, "కానీ నువ్వు కూడా" అని కలపకండి. ఆ తర్వాత ధరల చీటీ తీసి ఆనాటి పని చెప్పండి. దీనికి ఒక దసరా నుంచి ఇంకో దసరా దాకా పట్టవచ్చు.